గేటు తాళం: ఒక ప్రధానోపాధ్యాయుడి చివరి రెండేళ్లు

ప్రధానోపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో నేను తరచూ చెప్పే కేసు ఇది. నోటితో చెప్పేటప్పుడు భోజనం గంట కొట్టేస్తారేమోనన్న తొందరలో సగం వదిలేస్తుంటాను. పనికొచ్చేదంతా ఆ వదిలేసిన సగంలోనే ఉందని ఈ మధ్య ఒక కొత్త ప్రధానోపాధ్యాయురాలు నన్ను నిలదీసింది. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. ఈ కేసులోని ప్రధానోపాధ్యాయుడి అనుమతి తీసుకున్నాను. ఊరు, మండలం రాయడం లేదు. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఆయనను 'మాస్టారు' అనే అంటాను. నేను గణితం టీచరుగా చేరిన తొలి బడిలో ఆయన నాకు సీనియర్, ఇప్పటికీ 'నాయనా' అనే పిలుస్తారు. ఆ చనువు ఈ కేసులో కొంత మేలు చేసింది, కొంత అడ్డం కూడా వచ్చింది.

నేపథ్యం

మాస్టారు 1980ల చివర్లో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడిగా చేరారు. స్కూల్ అసిస్టెంటుగా చాలా కాలం లెక్కలు చెప్పి, 2006లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడయ్యారు. మొదటి బడి సముద్రం ఒడ్డున, మత్స్యకారుల పల్లెల మధ్య. రెండోది పడమటి మెట్టలో. మూడోది, ఈ కేసు నడిచినది, పొగాకు ఊళ్లలో. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా ఒక ముక్క తీసి కుట్టిన జిల్లా ప్రకాశం. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేసరికి బతుకుతెరువు మారిపోతుంది. దానితోపాటే పిల్లలు బడి మానే నెల కూడా మారిపోతుంది. ఒడ్డున వేట బాగున్న రోజుల్లో మగపిల్లలు కనబడరు. మెట్టలో పంట పోతే తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో కట్టడం పనులకు పోతూ పిల్లలనూ వెంట తీసుకుపోతారు. పొగాకు ఊళ్లలో సంక్రాంతి సెలవులకు వెళ్లిన పిల్లల్లో సగంమంది సెలవుల నుంచి తిరిగిరారు.

ఈ మూడు చోట్లా మాస్టారు ఒకే మందు వాడారు: ఆయనే ఆ మందు.

ఉదయం ప్రార్థన మొదలవగానే గేటుకు స్వయంగా తాళం వేసి, తాళంచెవిని చొక్కా జేబులో వేసుకునేవారు. ఆలస్యంగా వచ్చినవాడు తిరిగి ఇంటికి పోవలసిందే. బడికి రాని పిల్లవాడి ఇంటికి సాయంత్రం మోటారు సైకిలు మీద వెళ్లేవారు. డిసెంబరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పదో తరగతికి స్టడీ అవర్లు, కుర్చీ వేసుకుని ఆయనే కాపలా. ఫలితం వంద శాతం. ఆఫీసు గదిలో ఆ ఏడాది వంద శాతం తాలూకు ఫ్లెక్సీ. మొదటి రెండు బళ్లలోనూ ఇదే జరిగింది, ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు.

చెప్పుకోనిది మరొకటి ఉంది. ఒకే చోట ఐదు విద్యా సంవత్సరాలు నిండితే మామూలుగా ప్రధానోపాధ్యాయుడు బదిలీ కావలసిందే. మాస్టారు వెళ్లిన రెండేళ్లకు మొదటి బడి ఎప్పటిలా అయింది. రెండోదానికి ఆ రెండేళ్లు కూడా పట్టలేదు. 'తర్వాత వచ్చినవాళ్లు చేతకానివాళ్లు' అని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

వచ్చిన సమస్య

2022 జూన్‌లో, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో మాస్టారు నాకు ఫోను చేశారు. 58 మంది రాస్తే 31 మంది పాసయ్యారు. ఆయన గొంతు ఎప్పుడూ అలా వినలేదు.

ఆ ఏడాది సంగతి తెలిసిన టీచర్లకు వివరించనక్కరలేదు. 2019లో రాష్ట్రం మొత్తం మీద ఉత్తీర్ణత 94.88 శాతం. కరోనా వల్ల 2020, 2021లలో పరీక్షలే లేవు, అందరూ పాస్. ఈలోగా బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు, చిన్న ప్రశ్నల బిట్ పేపరు రెండూ తీసేశారు. ఆ మార్పుల తర్వాత జరిగిన తొలి పరీక్షలు 2022వి. రాష్ట్రమే 67.26 శాతానికి పడింది. మాస్టారి బడి దానికంటే ఇంకా 14 శాతం కింద ఉంది.

ఇందులో విధి చేసిన చిన్న వెక్కిరింత కూడా ఉంది. మాస్టారికి ఆ జూన్‌కే అరవై ఏళ్లు నిండాయి. 2014లో పదవీ విరమణ వయసును 58 నుంచి 60కి పెంచారు, 2022 జనవరిలో 62 చేశారు. "ఆ నాలుగేళ్లు ఇవ్వకపోయుంటే 2020లోనే, అందరూ పాసైన బడి నుంచి పూలదండతో దిగిపోయేవాడిని నాయనా," అన్నారు. నవ్వు కాదు అది.

ఆయన అడిగింది ఒక్కటే: మళ్లీ వంద శాతం తెచ్చే ప్రణాళిక రాసిపెట్టమని. నేను ఒప్పుకున్నాను, కానీ ఆ కోరిక మీదే నాకు మొదటి అనుమానం కలిగింది. పాత వంద శాతంలో ఆయన కష్టం ఎంత, ఇంటర్నల్ మార్కుల సాయం ఎంత అన్నది ఎవరూ విడదీసి చూడలేదు. ఆ మాట అప్పుడే ఆయనతో అనలేకపోయాను. చనువు అడ్డం వచ్చిందన్నది ఇందుకే.

అప్పటికే చేసి చూసినవి

మాస్టారు ఈ బడికి 2017లో వచ్చారు. పాత మందే వాడారు. పొగాకు దగ్గర అది పారలేదు.

ఇక్కడి పని తీరు తెలియనివారి కోసం నాలుగు మాటలు. సంక్రాంతి ముందూ వెనకా పొగాకు రెలుపులు, అంటే ఆకు కోతలు, మొదలవుతాయి. ముదిరిన ఆకును కింది నుంచి పైకి దఫదఫాలుగా రెలుస్తారు. తెల్లవారకముందే చేలో దిగి రెలిచి, ఎండ ముదిరేలోగా మోసుకొచ్చి, పందిరి కింద కూర్చుని కర్రలకు కట్టి, సాయంత్రానికి బ్యారన్‌కు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదికి, ఎక్కించాలి. ఒకసారి మొదలుపెడితే ఆ రోజు ఆపడానికి లేదు, పచ్చి ఆకు ఆగదు. అందరికీ ఒకేసారి కూలీలు కావాలి. పదిహేనేళ్ల పిల్ల చేతులు చురుకుగా కదులుతాయి. ఇదంతా మార్చి దాకా సాగుతుంది. పదో తరగతి పిల్లలు పుస్తకం ముందు కూర్చోవలసిందీ సరిగ్గా ఆ రెండు నెలలే.

రాత్రి స్టడీ అవర్లు పెట్టారు. ఆడపిల్లలను రాత్రిపూట ఎవరూ పంపలేదు. మగపిల్లలు వచ్చి, బల్లల మీద తల వాల్చి నిద్రపోయారు. తెల్లవారుజామున మూడింటికి లేచిన పిల్లవాడికి రాత్రి ఏడింటికి త్రికోణమితి ఎలా ఎక్కుతుంది? ఆ రోజుల స్లిప్ టెస్టు కాగితాలు కొన్ని మాస్టారు దాచి ఉంచారు. నేను చూశాను. మార్జిన్ల పక్కన, కాగితం తిప్పే మూల దగ్గర, నల్లటి వేలిముద్రలు. పచ్చి పొగాకు జిగురు చేతికి అంటితే ఆరి నల్లబడుతుంది, సబ్బుకు పోదు. ఏ కాగితం ఎవరిదో పేరు చూడకుండా చెప్పలేం గానీ, ఎవరు చేలోకి వెళ్లి వచ్చారో మాత్రం ఆ ముద్రలను బట్టి చెప్పవచ్చు. ఆ కాగితాలు దిద్దిన టీచరు వాటి మీద ఎర్ర సిరాతో 'శుభ్రత లేదు' అని రాశాడు.

ఒక కుర్రాడు ఉదయం తరగతిలో తరచూ వాంతి చేసుకునేవాడు. పరగడుపున వస్తున్నాడని అందరూ అనుకున్నారు. మంచులో తడిసిన ఆకును మోస్తే నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి వెళ్లి తల తిప్పుతుంది, వాంతులవుతాయి. ఆ సంగతి వాడి తల్లికి తెలుసు, ఊళ్లో అందరికీ తెలుసు. బడికి తెలియదు.

తర్వాత మాస్టారు బెదిరింపుకు దిగారు. ఆ కోపం న్యాయమైనదే, పొగాకు పనిలో ఆ వయసు పిల్లలను పెట్టడం చట్టం ఒప్పుకోని పని. 2022 ఫిబ్రవరిలో నలుగురైదుగురు తండ్రులను పిలిచి, అధికారులను తీసుకొస్తానని గట్టిగా చెప్పారు. ఫలితంగా ఆ పిల్లలు ఊళ్లో కనబడటం మానేశారు, పక్క మండలంలో బంధువుల బ్యారన్ల దగ్గర తేలారు. అందులో ఒక అమ్మాయిని మేనత్త ఇంటికి పంపారు. ఉగాదికల్లా నిశ్చితార్థం అయిపోయింది. తరగతిలో లెక్కల్లో మొదటి నలుగురిలో ఉండే పిల్ల. ఆ అమ్మాయి సంగతి ఆయన నాతో ఒక్కసారే చెప్పారు, మళ్లీ ఎత్తలేదు. కానీ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయంలోనూ ఆ అమ్మాయి ఉందనే నా నమ్మకం.

నా పొరపాటు

ప్రణాళిక అడిగారు కదా, రాసిచ్చాను. శిక్షణల్లో అందరం చెప్పే దత్తత పద్ధతి: పదో తరగతి పిల్లలను ఐదుగురు, ఆరుగురు చొప్పున టీచర్లకు పంచడం, వాళ్ల హాజరు, చదువు, ఇంటి సంగతులు ఆ టీచరు చూసుకోవడం, వారానికోసారి రిజిస్టరులో రాయడం. జూలైలో మొదలైంది. సెప్టెంబరులో వెళ్లి చూస్తే రిజిస్టర్లు ముత్యాల్లా ఉన్నాయి. ప్రతి పిల్లవాడి పేరు కింద 'తల్లిదండ్రులతో మాట్లాడితిని', 'శ్రద్ధ వహించవలెను'. చేతిరాతలు వేరు, వాక్యాలు ఒకటే. ఆ బడిలో ఉన్న పద్నాలుగు రిజిస్టర్లకు నేను పదిహేనోది కలిపాను, అంతే.

ఇది ఎందుకు విఫలమైందో ఆ రోజు మధ్యాహ్నం తెలిసింది, అదీ యాదృచ్ఛికంగానే. మాస్టారు ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే నేను వంటశాల దగ్గరకు వెళ్లి పిల్లలతోపాటు కూర్చున్నాను. గుడ్డున్న రోజు. వడ్డించే ఆమె గుడ్లు లెక్కపెడుతోంది. మాటల్లో మాటగా, రోజూ లెక్క సరిపోతుందా అని అడిగాను.

"ఇప్పుడు సరిపోతాయి సార్. పండగ వెళ్లాక పదో తరగతి వాళ్లవి మిగులుతాయి."

"ఎన్ని మిగులుతాయి?"

"సగానికి సగం. మేం ముందే తక్కువ ఉడకబెడతాం."

ఆఫీసులోకి వచ్చి గత ఫిబ్రవరి హాజరు పట్టీ తీయించాను. ఒక మంగళవారం తీసుకుంటే, పదో తరగతి హాజరు 52. అదే రోజు గుడ్డు తిన్నవారు 29. పెద్ద పిల్లలు సిగ్గుపడి ఇంటికి పోయి తింటారని క్లాస్ టీచరు అన్నాడు. మిగతా నెలల్లో మరి ఎందుకు సిగ్గుపడలేదని నేను అడగలేదు. మాస్టారు కూడా అడగలేదు. పట్టీని తనవైపు తిప్పుకుని, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు.

హాజరు పట్టీ ఎందుకు అబద్ధం చెప్పింది

టీచర్లు సోమరిపోతులై దొంగ హాజరు వేశారని అనుకుంటే ఈ కేసు ఇక్కడే ముగిసిపోతుంది. నలుగురికి మెమోలు ఇచ్చి ఇంటికి పోవచ్చు. మాస్టారికి మొదట వచ్చిన ఆలోచన అదే. ఒక్క రోజు ఆగమన్నాను. మర్నాడు స్టాఫ్ మీటింగు పెట్టారు. ఐదేళ్లుగా ఆ మీటింగుల్లో మాట్లాడింది ఆయన ఒక్కరే కాబట్టి, 'మీరు చెప్పండి' అనగానే గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చాలాసేపటికి తెలుగు టీచరు నోరు విప్పారు. ఆమె మాట్లాడింది పిల్లలను బడికి పంపే తల్లులకు అప్పట్లో ప్రభుత్వం ఇచ్చిన 'అమ్మ ఒడి' డబ్బు గురించి.

"అమ్మ ఒడికి 75 శాతం హాజరుండాలి సార్. ఆకు కట్టే తల్లికి ఆ డబ్బు పోగొట్టే చేయి నాకు లేదు. నేనే వేశాను. మిగతావాళ్లూ అందుకే వేశారు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు సార్. అడిగినా, జవాబు కూడా మీరే చెప్పేవారు."

నేను చూసిన స్టాఫ్ మీటింగుల్లో ఇంత నిజం ఇంత మర్యాదగా పలికిన సందర్భం ఇంకొకటి లేదు. మాస్టారు మాట్లాడకుండా లేచి వరండాలోకి వెళ్లారు. పది నిమిషాలకు తిరిగొచ్చి, "సరే, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు. నా దృష్టిలో ఈ కేసు మలుపు తిరిగింది అక్కడ.

దొంగ హాజరు ఆపాలి, దాని మీద రెండు మాటలు లేవు. పట్టీ నిజం చెప్పకపోతే ఏ పిల్ల ఎన్ని రోజులు పోయిందో, ఏ పాఠం పోయిందో ఎవరికీ తెలియదు. దత్తత రిజిస్టరు వ్యర్థమైంది కూడా అందుకే: హాజరు పట్టీలో ఉన్న పిల్ల ఎందుకు రాలేదని దత్తత రిజిస్టరులో ఎలా రాస్తారు? కానీ నిజం రాస్తే డబ్బు పోతుంది. టీచర్ల భయం అది, నాదీ అదే.

అప్పుడు మాస్టారిలోని లెక్కల టీచరు నిద్ర లేచాడు. బోర్డు మీద రాశారు. పనిదినాలు 220. అందులో 75 శాతం 165. మిగిలినవి 55. అంటే ఒక పిల్ల 55 రోజులు మానినా డబ్బు పోదు. పండుగ నుంచి పరీక్షల దాకా ఉన్న పనిదినాలు మొత్తం కలిపినా అరవై చిల్లర. ఏ పిల్లా ప్రతిరోజూ రెలుపులకు పోదు. వారంలో మూడు రోజులు, మహా అయితే నాలుగు. జూన్ నుంచి డిసెంబరు దాకా సక్రమంగా వచ్చిన పిల్లకు నిజం హాజరు వేసినా నష్టం లేదు!

ఇంతకాలం ఈ లెక్క ఎవరూ వేయలేదు. ఎందుకంటే ఆ బడిలో ఒక్క రోజు మానడం కూడా నేరం. నూటికి నూరు అడిగేచోట 75 గురించి ఆలోచించడమే తప్పు. మాస్టారు వంద అడిగారు, టీచర్లు కాగితం మీద వంద ఇచ్చారు.

పని చేసినవి

అక్టోబరులో తల్లుల సమావేశం పెట్టారు. తండ్రులను కాదు, తల్లులను. ఆకు కట్టేదీ వాళ్లే, డబ్బు బ్యాంకు ఖాతాలో పడేదీ వాళ్లకే. క్లాస్ టీచర్లు ఒక్కొక్క పిల్లకూ అప్పటిదాకా పోయిన రోజులు తీసేసి, మిగిలినవి ఒక చీటీ మీద రాసిచ్చారు. 'మీ అమ్మాయికి ఇంకా 43 రోజులున్నాయి.' మాస్టారు వాళ్లకు చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి: "పిల్లను పనిలోకి పంపవద్దనే ఇప్పటికీ చెబుతాను. అయినా పంపుతారని నాకు తెలుసు. ఈ 43 రోజులూ ఇప్పుడు పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ తగలేయకండి. ఆకు రోజులకు మిగల్చండి. అవి అయిపోతే నేనూ ఏమీ చేయలేను." ఒక తల్లి ఆ చీటీని మడిచి పసుపుతాడుకు ఉన్న పిన్నీసుకు గుచ్చుకుంది.

దీని మీద నాకు ఇబ్బందిగానే ఉండేది, ఇప్పటికీ ఉంది. పిల్లలు పనికి పోవడాన్ని బడి తలవంచి ఒప్పుకున్నట్టు కాదా? శిక్షణలో ఈ ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. మాస్టారి జవాబు ఇది: బెదిరిస్తే పిల్ల మనకు కనబడకుండా పోయింది. కనబడే పిల్లను పని మాన్పించడానికి రేపైనా ప్రయత్నించవచ్చు. నేను ఈ జవాబుతో ముప్పావు వంతు ఏకీభవిస్తాను.

రెండో నిర్ణయం గేటు. ఇది ఆయనకు చాలా కష్టమైంది. తెల్లవారుజామున రెలుపుకు వెళ్లిన పిల్ల పదకొండింటికి ఖాళీ అయినా, గేటు మూసి ఉంటుంది కాబట్టి ఇక ఆ రోజు రాదు, ఆకు కట్టడానికి కూర్చుంటుంది. హాజరు పట్టీలో ఉదయానికీ మధ్యాహ్నానికీ వేర్వేరు గళ్లు ఉన్నాయి. ఉదయం పోయినా మధ్యాహ్నం దక్కుతుంది, భోజనం కూడా దక్కుతుంది. గేటు తెరిచి ఉంచుదామని తెలుగు టీచరే ప్రతిపాదించారు. పదహారేళ్లుగా ఆయన జేబులో ఉన్న తాళంచెవి అది. క్రమశిక్షణ పోతుందన్నారు, మిగతా తరగతుల పిల్లలూ అలుసు తీసుకుంటారన్నారు. చివరికి ఒక నెల చూద్దామన్నారు. జనవరి ఆఖరి వారంలో ఒక మంగళవారం పదకొండున్నరకు ఏడుగురు వచ్చారు. కాళ్లకు మట్టి, చేతులకు జిగురు. ఆఫీసు కిటికీలోంచి చూస్తూ మాస్టారు లేచి నిలబడ్డారు, అలవాటు కొద్దీ. మళ్లీ కూర్చున్నారు. అలుసు తీసుకున్నవాళ్లు తొమ్మిదో తరగతిలో ముగ్గురో నలుగురో ఉన్నారు, వాళ్ల సంగతి వ్యాయామం టీచరు చూసుకున్నాడు.

మూడోది సిలబస్. ఒకదాని మీద ఒకటి ఆధారపడే అధ్యాయాలన్నీ డిసెంబరులోపు ముగించడం. బహుపదులు, వర్గ సమీకరణాలు, త్రికోణమితి లాంటివి. విడిగా నిలబడేవి, మధ్యలో రెండు రోజులు పోయినా అందుకోగలిగేవి జనవరికి ఉంచడం. సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత అలాంటివి. పండుగ తర్వాత ప్రతి పీరియడూ దానికదే పూర్తయ్యేలా ఉండాలి, నిన్నటి పాఠం రానివాడు ఈరోజు దిక్కులు చూడకూడదు. లెక్కల టీచరు బాగా గొణిగాడు. సామాన్య శాస్త్రంలో ఇది అంత బాగా కుదరలేదు కూడా.

నాలుగోది నేను పట్టుబట్టి చేయించినది. నవంబరులో ఒక వారం మాస్టారిని సెలవు పెట్టమన్నాను, ఫోను కూడా ఎత్తవద్దన్నాను. ఆయన లేని బడి ఎలా నడుస్తుందో ఆయన ఉన్నప్పుడు తెలియదు కదా. బడి అధ్వానంగా నడిచింది. రెండో రోజు ప్రార్థనకు గంట కొట్టేవారే లేరు. ఇద్దరు టీచర్లు పీరియడ్ల దగ్గర గొడవపడ్డారు. మాస్టారు తిరిగొచ్చి, "చూశావా నాయనా?" అన్నారు, కొంచెం సంతోషంగానే. చూశాను. మొదటి రెండు బళ్లు ఎందుకు పడిపోయాయో అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు ఇంకో నెల పట్టింది. ఫిబ్రవరిలో మళ్లీ వారం రోజులు వెళ్లమన్నాను. ఈసారి వాళ్లలో వాళ్లే పనులు పంచుకున్నారు. గంట గురించి ఎవరూ ఫోను చేయలేదు. ఈ విషయం ఆయనకు కాస్త నొప్పి కలిగించింది.

ఖర్చు, ఫలితం

అక్టోబరు నాటికే రోజులు ఎక్కువగా పోయిన పిల్లలు ఆరుగురున్నారు. నలుగురు సర్దుకున్నారు. ఇద్దరు 75 దాటలేదు, డబ్బు రాలేదు. ఒక తల్లి గేటు దగ్గర నిలబడి, పోయినేడు వేసిన హాజరు ఈ ఏడు ఎందుకు వేయరని తెలుగు టీచరును నలుగురిలో కడిగేసింది. టీచరు దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు ఫోను చేసి ఏడ్చారు. నిజం రాయాలని తీర్మానించేటప్పుడు ఆ నిజానికి మూల్యం చెల్లించేది మనం కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

2023లో 56 మందిలో 44 మంది, 2024లో 54 మందిలో 49 మంది పాసయ్యారు. శిక్షణలో ఈ అంకెలు చెప్పగానే చప్పట్లు కొడతారు, నేను ఆపుతాను. రాష్ట్రం కూడా ఆ రెండేళ్లలో 72.26కు, తర్వాత 86.69కు పెరిగింది. కరోనా దెబ్బ నుంచి అందరూ తేరుకుంటున్న రోజులవి. రాష్ట్రం కంటే 14 శాతం కింద ఉన్న బడి ఆరు శాతం పైకి, ఆ తర్వాత నాలుగు శాతం పైకి వచ్చింది. ఇందులో మా పని వాటా ఎంతో తేల్చి చెప్పడానికి ఒక్క తరగతి సరిపోదు. నేను ఎక్కువగా నమ్మే లెక్క వేరే ఉంది: 2024 ఫిబ్రవరిలో హాజరు పట్టీకీ గుడ్ల లెక్కకూ మధ్య తేడా రెండు, మూడుకు మించలేదు. ఆ నెల సగటు హాజరు మాత్రం కాగితం మీద చాలా తక్కువగా కనిపించింది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి దాన్ని చూసి, మీ హాజరు పడిపోయింది ఏమిటని మాస్టారిని మందలించారు. "పడిపోలేదు సార్, బయటపడింది," అన్నారట ఆయన.

వంద శాతం రాలేదు. ఫ్లెక్సీ కట్టలేదు. 2024 జూన్‌లో మాస్టారు పదవీ విరమణ చేశారు. మధ్యలో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ ప్రాంతం ప్రకాశం నుంచి నెల్లూరుకు వెళ్లింది. ఒంగోలులో ఉద్యోగం మొదలుపెట్టిన మనిషి పింఛను కాగితాలకు నెల్లూరు తిరగవలసి వచ్చింది. దాని మీద ఆయన చెప్పే కథలు ఇంకో వ్యాసమవుతాయి.

కొత్తగా ప్రధానోపాధ్యాయులైన వారికి నేను ఈ కేసులో నుంచి చూపించేవి రెండే. చేరిన మొదటి నెలలో హాజరు పట్టీని బడిలోని ఇంకో లెక్కతో, అది గుడ్లైనా సరే, పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనబడితే వెంటనే తప్పు చేసినవాళ్లను వెతకవద్దు, మీరు అడుగుతున్నది ఇవ్వగలిగినదేనా అని చూసుకోండి. ఇక మీరు లేని వారం బడి ఎలా నడుస్తుందో రిటైరయ్యే ఏడాది కాక, రెండో ఏడాదే చూసుకోండి. మాస్టారికి ఈ సలహా 2008లో ఇచ్చేవాళ్లు ఉండి ఉంటే ఆ మొదటి రెండు బళ్లు ఏమయ్యేవో అని అనిపిస్తూ ఉంటుంది. ఇచ్చినా అప్పట్లో ఆయన వినేవారా అన్నది వేరే సంగతి.

2025 ఫిబ్రవరిలో ఆ దారిన వెళ్తూ బడి దగ్గర ఆగాను. సిలబస్ వరుస మళ్లీ పాత దారికి వచ్చేసింది. పదో తరగతి పాఠ్యపుస్తకాలు కొత్తవి వచ్చాయి, ఎవరూ తిరిగి కూర్చుని లెక్క వేయలేదు. అక్టోబరు చీటీలు మాత్రం ఇచ్చారట. పదకొండు దాటి పావుగంట అయింది. గేటు బార్లా తీసి ఉంది, ఇద్దరు ఆడపిల్లలు సైకిళ్లు నడిపించుకుంటూ లోపలికి వస్తున్నారు. ఇది ఎవరు పెట్టిన పద్ధతని కొత్త ప్రధానోపాధ్యాయుడిని అడిగాను. "నేను వచ్చేసరికే ఉందండీ. ఇక్కడ ఎప్పటినుంచో ఇంతేనట," అన్నారు.

సాయంత్రం మాస్టారికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు:

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంది నాయనా?"

ఆఫీసు గది గోడకు మేకు కొట్టి తగిలించారని చెప్పాను.